వీఆర్ హెడ్‌సెట్ కొనాలా, మూడు మానిటర్లు పెట్టాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో నేను అద్దెకుండే పై గదికి ఎవరొచ్చినా ముందు టేబుల్ మీది మూడు మానిటర్లను చూస్తారు. తర్వాత గోడకు మేకు మీద వేలాడే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్ కనిపిస్తుంది, అంటే కళ్లకు కట్టుకుంటే ఆట లోకం చుట్టూ కనిపించేది. ఆ తర్వాత కంప్యూటర్ ఆటలకు ఏది మేలంటూ అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. కరీంనగర్, మంచిర్యాల నుంచి ఫోన్ చేసే దోస్తులవీ అవే. చెప్పిందే చెప్పలేక ఒకచోట రాసి పెడుతున్నాను. మానిటర్లు ముందు కొన్నాను, మెటా కంపెనీ క్వెస్ట్ 3 హెడ్‌సెట్ రెండేళ్ల తర్వాత ఒకరు వాడింది తీసుకున్నాను. ఈ వరుస నా అభిప్రాయాల మీద కొంత పనిచేసి ఉండొచ్చు.

ఒక్క ముక్కలో చెప్పన్నా, ఏది కొనాలి?

ఆడేటప్పుడు మీ చేతులు ఎక్కడ ఉంటాయో చూసుకోండి. స్టీరింగ్ మీదో, కీబోర్డ్ మీదో ఉండి, గంటల తరబడి కూర్చుని ఆడే రకమైతే మానిటర్లు. చేతులు గాల్లో ఉండాలి, బ్యాట్ ఊపాలి, విల్లు లాగాలి, వంగి బల్ల కింద వెతకాలి అంటే వీఆర్. విమానం, రేసు కారు లాంటి కాక్‌పిట్ ఆటలు ఈ రెంటి మధ్య పడతాయి. వాటి గురించి కింద వివరంగా రాశాను.

మూడు తెరలు పెడితే చుట్టూ కనిపిస్తుంది కదా, ఇక వీఆర్‌తో పనేముంది?

వెడల్పు ఒకటి, లోతు ఒకటి. 27 అంగుళాల మానిటర్‌ను 70 సెంటీమీటర్ల దూరంలో పెడితే అది మీ చూపులో సుమారు 46 డిగ్రీలు ఆక్రమిస్తుంది. అలాంటివి మూడు చుట్టూ వంచి పెడితే 138 డిగ్రీలు. క్వెస్ట్ 3లో అడ్డంగా కనిపించేది 110 డిగ్రీలే. అంటే ఈత కళ్లద్దాలు పెట్టుకున్నట్లు అంచుల్లో నలుపు ఉంటుంది. ఈ లెక్కలో మానిటర్లే గెలిచాయి.

నిలువుగా చూస్తే కథ మారుతుంది. అదే మానిటర్ ఎత్తు మీ చూపులో 27 డిగ్రీలే. హెడ్‌సెట్‌లో 96. పైగా మెడ తిప్పితే వెనక సీటు కూడా కనిపిస్తుంది, తల ఎత్తితే ఆకాశం కనిపిస్తుంది.

అసలు తేడా లోతులో ఉంది. హెడ్‌సెట్ రెండు కళ్లకు రెండు వేర్వేరు బొమ్మలు చూపిస్తుంది. అందుకే ముందున్న కారు పది అడుగుల్లో ఉందా ముప్పై అడుగుల్లో ఉందా అన్నది లెక్క వేయకుండానే తెలుస్తుంది. మానిటర్ ఎంత పెద్దదైనా బల్లపరుపు బొమ్మే. వెయ్యి స్తంభాల గుడి ఫొటో గోడ నిండా అతికించుకున్నా, స్తంభం చాటుకు తొంగి చూడలేం కదా.

స్పష్టతలో మాత్రం వీఆర్ ఇంకా వెనకే. ఒక డిగ్రీలో ఎన్ని పిక్సెళ్లు (బొమ్మను కట్టే చుక్కలు) పడతాయన్నది దీనికి కొలత. క్వెస్ట్ 3లో దాదాపు 25. పైన చెప్పిన 27 అంగుళాల మానిటర్ 1440పి (2560 బై 1440 పిక్సెళ్లు) అయితే 55 పైన. దూరంగా ఉన్న బోర్డు మీద అక్షరాలు, విమానం డయల్ మీద అంకెలు చదవాల్సి వచ్చినప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది.

రేసింగ్, ట్రక్కు ఆటలకు ఏది మంచిది?

ఎక్కువ మంది అడిగేది ఇదే, నాకు ఎక్కువ ఇష్టమైనదీ ఇదే. అందుకని కాస్త పొడుగ్గా చెబుతాను.

అసెటో కోర్సా, ఐరేసింగ్ అనే కారు రేసు ఆటలు రెండూ మూడు తెరలనూ వీఆర్‌నూ బాగా నడుపుతాయి. వీటిలో మూడు తెరల మోడ్ అంటే బొమ్మను సాగదీయడం కాదు. ఒక్కో మానిటర్ ఏ కోణంలో ఉందో, ఎంత దూరంలో ఉందో మీరు అంకెలు ఇస్తారు, ఆట మూడింటికీ మూడు చూపులు వేరుగా గీస్తుంది. పక్క తెరలో అద్దం ఉండాల్సిన చోటే ఉంటుంది. ఈ సౌకర్యం లేని ఆటల్లో ఒకే బొమ్మ మూడు తెరల మీదకూ సాగుతుంది. మధ్యలో మామూలుగా ఉన్న కారు పక్క తెరలోకి వచ్చేసరికి రైలు పెట్టెంత పొడుగవుతుంది. కాబట్టి మీరు ఆడే ఆటకు ఈ మోడ్ ఉందా లేదా చూశాకే మూడు తెరల మాట ఎత్తండి.

మలుపులో బ్రేక్ ఎక్కడ వేయాలి, లోపలి అంచుకు టైరు ఎంత దగ్గరగా వెళ్లింది అన్న అంచనా నాకు వీఆర్‌లో తొందరగా కుదిరింది. ఎత్తుపల్లాలు కూడా అంతే. తెర మీద చదునుగా కనిపించిన ట్రాక్ హెడ్‌సెట్ పెట్టుకోగానే గుట్ట ఎక్కి దిగినట్లు అనిపిస్తుంది. ర్యాలీ ఆటల్లో ఇంకా ఎక్కువ.

కానీ గంటన్నర రేసు ఆడి చూడండి. క్వెస్ట్ 3 బరువు 515 గ్రాములు, అదంతా మొహం ముందే ఉంటుంది. మెడ పట్టేస్తుంది. నీళ్లు తాగాలంటే బాటిల్ తడుముకోవాలి. స్టీరింగ్ పక్కన పెట్టుకున్న బటన్ల పెట్టెలో ఏ బటన్ ఎక్కడుందో వేళ్లకు గుర్తుండాలి. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో సరుకు వేసుకుని రెండు గంటలు నడపడం, మధ్యలో టీ తాగడం, కింద నుంచి అమ్మ పిలిస్తే పలకడం ఉంటాయి చూడండి, అది మానిటర్ల రాజ్యం. అందులో ఇంకో మాట లేదు.

విమానాల్లో నా ఓటు వీఆర్‌కే. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కు 2020 డిసెంబర్‌లో వీఆర్ వచ్చింది. రన్‌వే మీదికి దిగేటప్పుడు నేల ఎంత దూరంలో ఉందో కంటికి తెలియడం మామూలు సుఖం కాదు. అయితే దానికి పీసీ కూడా గట్టిదే కావాలి.

వీఆర్ పెట్టుకుంటే కళ్లు తిరుగుతాయా?

చాలామందికి మొదట్లో తిరుగుతాయి. కన్ను "కదులుతున్నాం" అంటుంది, చెవి లోపల బ్యాలెన్స్ చూసే భాగం "కూర్చునే ఉన్నాం" అంటుంది. ఆ తగాదాకు కడుపు బలవుతుంది. బస్సులో ఫోన్ చూస్తే వచ్చేదీ ఇలాంటి తగాదానే, కాకపోతే అక్కడ ఒళ్లు కదులుతుంది, కన్ను కదలట్లేదంటుంది. మేడారం జాతరకు బస్సులో పోతూ నిమ్మకాయ వాసన చూసే రకం అయితే మీరు కాస్త జాగ్రత్తగా మొదలుపెట్టండి.

నడక లేని ఆటలతో మొదలుపెట్టాలి. పాటకు తగ్గట్టు దిమ్మెలు నరికే బీట్ సేబర్ ఆటలో మీరు నిలబడ్డచోటే నిలబడతారు, దిమ్మెలే మీ దగ్గరికి వస్తాయి, అందుకే అందులో ఇబ్బంది తక్కువ. రేసింగ్‌తో మొదలుపెట్టి మొదటి రోజే గింగిరాలు తిరిగి, హెడ్‌సెట్ అమ్మేసినవాళ్లు ఉన్నారు. మొదటి వారం రోజుకు పది, పదిహేను నిమిషాలు చాలు. కడుపులో తిప్పినట్లు అనిపించిన క్షణమే తీసేయండి. "ఇంకొంచెం ఓర్చుకుందాం" అంటే ఆ రోజంతా పోయినట్లే. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టుకుంటే గాలికి ఊరటగా ఉంటుంది, పైగా మీరు ఏ దిక్కుకు తిరిగి ఉన్నారో మొహానికి తెలుస్తుంది.

పీసీ సరిపోక బొమ్మ ఆగి ఆగి వస్తే ఎంత అలవాటున్నవాళ్లకైనా తల తిరుగుతుంది. సెకనుకు 72 లేదా 90 ఫ్రేములు (బొమ్మలు) తగ్గకుండా రావాలి. గ్రాఫిక్స్ తగ్గించుకోండి, ఫ్రేములు తగ్గించుకోవద్దు.

కొందరికి ఎన్నాళ్లైనా అలవాటు కాదు. అది లోపమేమీ కాదు, ఒంటి తత్వం. అందుకే కొనేముందు ఎవరిదైనా అరగంట అడిగి తీసుకుని ఆడి చూడమంటాను.

గది ఎంత ఉండాలి?

27 అంగుళాల మానిటర్లు మూడు, పక్కవి 45 డిగ్రీలు వంచి పెడితే సుమారు ఐదడుగుల వెడల్పు పడుతుంది. ఐదడుగుల టేబుల్, వెనక వైర్లకు జానెడు స్థలం, ఇంతే. పది బై పది గదిలో మంచం కూడా పడుతుంది.

వీఆర్ కూర్చుని ఆడితే కుర్చీ స్థలం చాలు. నిలబడి ఆడాలంటే మెటా వాళ్లు చెప్పేది రెండు మీటర్లు బై రెండు మీటర్లు, అంటే ఆరున్నర అడుగులు అటూ ఇటూ. నేల మీద ఆ స్థలం ఉండొచ్చు. వాళ్లు చెప్పనిది నెత్తిమీది ఫ్యాన్. చెయ్యెత్తి కంట్రోలర్ ఊపితే రెక్కకు తగిలే ఎత్తులోనే చాలా అద్దె ఇళ్లలో ఫ్యాన్లు ఉంటాయి. నేను నిలబడి ఆడేటప్పుడు ఫ్యాన్ ఆపేస్తాను. ఎండాకాలంలో నిలబడి ఆడటమే మానేస్తాను.

రెండో శత్రువు బీరువా అద్దం. హెడ్‌సెట్ మీది కెమెరాలు గదిని చూసి మీరు ఎక్కడున్నారో లెక్క వేస్తాయి. నిలువెత్తు అద్దం ఎదురుగా ఉంటే లెక్క తప్పి చేతులు ఎటో ఎగిరిపోతాయి. దుప్పటి కప్పండి. మరీ చీకట్లో కూడా కెమెరాలకు కనిపించదు, ఒక ట్యూబ్‌లైట్ వెలుగుతూ ఉండాలి. ఆ లైటు కూడా కొన్నిసార్లు సతాయిస్తుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ 60 మీద ఉంటే 50కి మార్చండి. చేతులు వణికినట్లు కనిపించే జబ్బు నాకు దీంతోనే తగ్గింది.

నా పీసీ లాగుతుందా?

పిక్సెళ్ల లెక్క చూడండి. 1080పి తెరలు మూడు కలిపితే 62 లక్షలు. ఒక 4కె తెర 83 లక్షలు. క్వెస్ట్ 3 రెండు కళ్లూ కలిపి 91 లక్షలు. 1440పి మూడు పెడితే కోటీ పది లక్షలు. లెన్సు వంపును సరిదిద్దడానికి వీఆర్‌లో తెర మీద కనిపించే దానికన్నా ఎక్కువే గీయాలి, కాబట్టి వీఆర్, 1440పి మూడు తెరలు ఇంచుమించు ఒకే బరువు అనుకోండి.

తేడా ఏమిటంటే, ట్రక్కు ఆట మూడు తెరల మీద 50 ఫ్రేములతో నడిచినా హాయిగా ఆడుకోవచ్చు. వీఆర్‌లో అది కుదరదని పైన చెప్పాను. 8 జీబీ గ్రాఫిక్స్ కార్డు ఉంటే మూడు 1080పి తెరలతో ఆగండి. మూడు 1440పి కావాలంటే 12 జీబీ నుంచి మొదలు.

కార్డు వెనక పోర్టులు లెక్కపెట్టుకోండి. చాలా డెస్క్‌టాప్ కార్డులకు మూడు డిస్‌ప్లేపోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. మూడు మానిటర్లూ ఆ కార్డుకే తగిలించాలి, ఒకటి తీసుకెళ్లి మదర్‌బోర్డుకు పెడితే మూడు తెరలను ఒకటిగా కలిపే ఎన్విడియా సరౌండ్ పనిచేయదు.

పీసీయే లేకపోతే? క్వెస్ట్ లాంటివి సొంత చిప్‌తో వాటంతటవే నడుస్తాయి. బొమ్మలు పీసీ అంత ఘనంగా ఉండవు కానీ ఆటలు ఉంటాయి. ఇది వీఆర్‌కు పెద్ద ప్లస్.

నాది గేమింగ్ ల్యాప్‌టాప్, నిట్ హాస్టల్‌లో ఉంటాను. మూడు మానిటర్లు కుదురుతాయా?

వద్దు తమ్ముడూ. చాలా ల్యాప్‌టాప్‌లకు హెచ్‌డీఎంఐ ఒకటే ఉంటుంది, యూఎస్‌బీ-సి పోర్టు గ్రాఫిక్స్ కార్డుకు కలిసి ఉండొచ్చు, ఉండకపోవచ్చు. వెకేషన్‌కు ఇంటికి పోయేటప్పుడు మూడు మానిటర్లు ఎక్కడ దాస్తావ్? హెడ్‌సెట్ అయితే బ్యాగులో వేసుకుని కాజీపేటలో రైలెక్కొచ్చు.

వీఆర్‌కు ఇంటర్నెట్ స్పీడ్ ఎంత కావాలి?

పీసీ ఆటను వైర్ లేకుండా హెడ్‌సెట్‌కు పంపడానికి ఇంటర్నెట్‌తో సంబంధమే లేదు. నెట్ పోయినా రౌటర్ వెలుగుతుంటే చాలు, బొమ్మ మీ పీసీ నుంచి మీ రౌటర్‌కు, అక్కడి నుంచి హెడ్‌సెట్‌కు వెళ్తుంది. కావాల్సింది 5 గిగాహెర్ట్జ్ వైఫై. కేబుల్ నెట్ వాళ్లు ఉచితంగా ఇచ్చే పాత రౌటర్లలో చాలావాటికి 2.4 మాత్రమే ఉంటుంది, దానితో కాదు. పీసీని రౌటర్‌కు వైరుతో కలపండి, రౌటర్‌ను మీరు ఆడే గదిలోనే పెట్టండి. ఇవేవీ కుదరకపోతే పొడుగు యూఎస్‌బీ-సి కేబుల్ ఉండనే ఉంది.

కరెంట్ పోతే?

మూడు మానిటర్లకు దాదాపు వంద వాట్లు, ఆట నడుస్తున్న పీసీకి నాలుగు వందలు వేసుకోండి. అంగట్లో దొరికే 600 వీఏ యూపీఎస్ 360 వాట్ల దగ్గరే ఆయాసపడుతుంది, కరెంట్ పోగానే కీచుమని అరిచి అదీ పోతుంది. కనీసం ఒక కేవీఏ కావాలి, అదీ ఆట సేవ్ చేసి మూసేయడానికే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. అది వేస్తే కరెంట్ మారేటప్పుడు పీసీ రీస్టార్ట్ కాకుండా నిలబడే అవకాశం ఎక్కువ.

హెడ్‌సెట్‌లో సొంత ఆట ఆడుతుంటే కరెంట్ పోయిన సంగతి మీకు తెలియను కూడా తెలియదు, గది చీకటై చేతులు మాయమయ్యేదాకా. దాని బ్యాటరీ సుమారు రెండు గంటలు వస్తుంది.

మన ఎండలకు హెడ్‌సెట్ తట్టుకుంటుందా?

అది తట్టుకుంటుంది, మనమే తట్టుకోలేం. మే నెలలో మధ్యాహ్నం పూట మొహానికి ఫోమ్ మెత్త కట్టుకుని చేతులు ఊపడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. చెమటకు లెన్సులు మసకబారతాయి. కూలర్ వేస్తే గాల్లో తేమ పెరిగి ఇంకా మసక. ఏసీ లేని గదిలో మార్చి నుంచి జూన్ దాకా వీఆర్ అంటే తెల్లవారుజాము లేదా రాత్రి పది తర్వాత మాటే. ఫోమ్ మీద సిలికాన్ తొడుగు వేసుకుంటే కడుక్కోవచ్చు. లెన్సులను పొడి మైక్రోఫైబర్ గుడ్డతోనే తుడవండి, శానిటైజర్, స్పిరిట్ తగలనివ్వొద్దు.

ఎండ విషయంలో ఇంకో పెద్ద ప్రమాదం ఉంది, అది నేను చేసుకున్నదే. హెడ్‌సెట్‌ను కిటికీ దిమ్మె మీద లెన్సులు పైకి పెట్టి స్నానానికి వెళ్లాను. భూతద్దంతో కాగితం కాల్చినట్లు ఎండ లెన్సులోంచి దిగి లోపలి తెర మీద పసుపు చుక్క పెట్టింది. ఇప్పటికీ నా ఆటల్లో ఆకాశంలో కుడివైపు ఒక చిన్న మచ్చ ఉంటుంది. ఆ మేకు అందుకే కొట్టాను, కిటికీకి దూరంగా.

కళ్లజోడు ఉన్నవాళ్లు?

మానిటర్లతో సమస్యే లేదు. హెడ్‌సెట్‌లో జోడు పట్టేలా స్థలం పెంచుకునే ఏర్పాటు క్వెస్ట్ 3లో ఉంది, కానీ జోడు గాజు లెన్సుకు రాసుకుంటే గీతలు పడతాయి, అవి పోవు. మీ పవర్‌తో చేసిన లెన్సులు లోపల బిగించుకోవడం మేలు. కళ్ల మధ్య దూరం కూడా కొలిపించుకోండి, కళ్లద్దాల షాపులో నిమిషంలో చెబుతారు. క్వెస్ట్ 3లో ఆ దూరాన్ని చక్రం తిప్పి సరిచేయొచ్చు. చవకైన 3ఎస్‌లో 58, 63, 68 మిల్లీమీటర్లు అనే మూడు మెట్లే ఉన్నాయి.

దసరా సెలవులకు పిల్లలు వస్తే ఇవ్వొచ్చా?

క్వెస్ట్‌కు మెటా పెట్టిన కనీస వయసు పదేళ్లు, అదీ తల్లిదండ్రులు చూసుకునే అకౌంట్‌తో. అంతకంటే చిన్నవాళ్లకు ఎంత ఏడ్చినా ఇవ్వను. పెద్ద పిల్లలకు ఐబీ క్రికెట్ పెడతాను, హైదరాబాద్ సంస్థ ప్రోయుగ చేసింది. ఒకరు ఆడుతుంటే హెడ్‌సెట్‌లో కనిపించేదాన్ని టీవీకి పంపితే మిగతావాళ్లు కేకలు పెడతారు. కంట్రోలర్ తాడు మణికట్టుకు తప్పకుండా బిగించాలి. మా బాపమ్మ మాత్రం దూరం నుంచే చూసి, "ఏందిరా అది, ఎద్దుకు గంతలు కట్టినట్టు" అంటుంది.

మూడింటి బదులు ఒకే పెద్ద వంపు మానిటర్ తీసుకుంటే?

మంచి మధ్యేమార్గం. 49 అంగుళాల 5120 బై 1440 తెర అంటే 27 అంగుళాలవి రెండు అతికించినట్లు. మధ్యలో అంచుల గీతలు ఉండవు, వైర్లు తక్కువ, 74 లక్షల పిక్సెళ్లే కాబట్టి కార్డుకూ తేలిక. మూడు తెరల్లా పక్కకు చుట్టదు, అంతే. 32 అంగుళాలు దాటిన మానిటర్ల మీద ఇంతకుముందు 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి దిగింది. పాత రేట్లు చూసి వదిలేసినవాళ్లు మళ్లీ ఒకసారి అడగండి. ఇంట్లో ఉన్న 43 అంగుళాల టీవీ అయినా గేమ్ మోడ్ పెట్టి దగ్గరగా జరుపుకుంటే మొదటి ఏడాది గడిచిపోతుంది.

మూడు మానిటర్లూ ఒకటే మోడల్ ఉండాలా? ఎక్కడ కొనాలి?

ఒకటే మోడల్, వీలైతే ఒకేసారి. నేను రెండు ముందు, ఒకటి ఆర్నెల్ల తర్వాత ఒక షాపులో తీసుకున్నాను. డబ్బా మీద అదే పేరు. ఇంటికొచ్చి వెలిగిస్తే ఎడమ తెరలో మాత్రం ఎప్పుడూ సాయంత్రమే. పసుపు కలిసిన రంగు, ఎంత సరిచేసినా కలవలేదు. షాపాయన "అట్లనే వస్తది సార్" అన్నాడు, అంతే.

మానిటర్లు ఇక్కడే కొనమంటాను. తెర మీద చచ్చిన పిక్సెల్ ఉందో లేదో షాపులోనే తెల్లటి, నల్లటి బొమ్మలు పెట్టి చూడొచ్చు. హెడ్‌సెట్లు ఎక్కువగా దిగుమతి సరుకుగానే తిరుగుతుంటాయి, కాబట్టి "వారంటీ ఎవరు ఇస్తారు, ఎన్నాళ్లు" అన్నది బిల్లు మీద రాయించుకోండి. నోటి మాట పనికిరాదు. వాడింది కొంటే లెన్సుల మీద గీతలు, తెర మీద నాలాంటివాళ్లు పెట్టిన ఎండ మచ్చలు చూడండి.

రెంటికీ డబ్బుల్లేవు. ఏం చేయాలి?

ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. మామూలు వెబ్‌క్యామ్‌తో మీ తల కదలికను పట్టి ఆటకు చెబుతుంది. తల కొంచెం తిప్పితే ఆటలో చూపు చాలా తిరుగుతుంది, కళ్లు తెర మీదే ఉంటాయి. మొదటి రోజు విచిత్రంగా ఉంటుంది, మూడో రోజుకు అద్దాలు చూడటం సహజమైపోతుంది. ట్రక్కు, విమానం ఆటల్లో ఇది పైసా ఖర్చు లేని సగం వీఆర్.

కొనడం మొదలుపెడితే ఒక మంచి 1440పి మానిటర్‌తో మొదలుపెట్టండి. అది ఏ దారిలో వెళ్లినా వృథా కాదు.

నీ దగ్గర రెండూ ఉన్నాయి. నిజంగా ఏది ఎక్కువ వాడతావు?

వారంలో ఐదు రోజులు మానిటర్లు. పొద్దున అవే ఆఫీసు పని, రాత్రి అవే ట్రక్కు. హెడ్‌సెట్ ఆదివారం దిగుతుంది, చలికాలం అయితే ఇంకో రెండు రోజులు కూడా. కానీ ఎవరైనా కొత్తవాళ్లు వస్తే నేను చేతికిచ్చేది హెడ్‌సెట్‌నే. మొన్న మా బాపు మొదటిసారి పెట్టుకుని విమానం ఎక్కారు. ఏనుమాముల మార్కెట్‌కు తప్ప ఎటూ కదలని మనిషి. పావుగంట ఏమీ మాట్లాడలేదు, కిటికీలోంచి కిందికి వంగి చూస్తూనే ఉన్నారు. తీసేశాక ఒకటే అడిగారు: "మన చెరువు ఎటు దిక్కున్నదిరా?"